ఆరు గంటల మూలుగు

కాలాన్ని కొలవడానికి మానవజాతి నీడను వాడింది, ఇసుకను వాడింది, నీటిచుక్కలను వాడింది, చివరికి రెండు ముళ్ల గడియారం దగ్గర స్థిరపడింది. ఆ వీధి మాత్రం ఇంకో అడుగు ముందుకు వేసి మూలుగు దగ్గర స్థిరపడింది.

సదరు మూలుగు ప్రతి ఉదయం సరిగ్గా ఆరింటికి, బైండింగు షాపు పైవాటాలో, వీధివైపు కిటికీ ఉన్న గదిలోంచి వెలువడేది. దానికి మూడు ఘట్టాలు. మొదటిది ముక్కులో మొదలై ముక్కులోనే ముగిసే సన్నని ప్రస్తావన. రెండోది, నడుము మంచం మీంచి లేవబోతున్నదని లోకానికి తెలియజేసే దీర్ఘం. మూడోది, లేవలేదని తెలియజేసే "అమ్మా!" ఎదురింటి లెక్కల మాస్టారు మొదటి ఘట్టానికి కళ్లు తెరిచేవాడు, రెండోదానికి కళ్లజోడు తడుముకునేవాడు. మూలమీది రొట్టెల దుకాణంలో పొయ్యి మూడోదానికి వెలిగేది. ఎనిమిదేళ్లలో మూలుగు ఒక్కసారే తప్పింది. ఆ రోజు ఆయనకు జలుబు చేసి గొంతు పోయింది. వీధిలో ముగ్గురికి బస్సు పోయింది.

మూలుగు కర్తను వీధిలో అట్టాయన అంటారు. బైండింగు షాపు ఆయనదీ, ఆయన చెల్లెలిదీ. ఇద్దరూ కవలలు. ఆయన పది నిమిషాలు ముందు పుట్టాడు. ఆ పది నిమిషాల సీనియారిటీని నలభై తొమ్మిదేళ్లుగా ఒక్క పూట కూడా వృథా పోనివ్వలేదు.

చరిత్రకు చెవులే ఎక్కువ. అదే ఆరింటికి, అదే ఇంట్లో, వెనక గదిలో, అదే జబ్బుతో ఆ చెల్లెలు కూడా నిద్ర లేచేది. ఈ సంగతి చరిత్రలో నమోదు కాలేదు. ఆమెను దారమ్మ అంటారు. దారమ్మ మూలిగేది కాదు. అదేదో గొప్ప ఓర్పు అనుకునేరు. మూలుగు అనేది ఉత్తరం లాంటిది, అందుకునేవాళ్లు ఉండాలి. ఆ ఇంట్లో ఎవరు మూలిగినా లేచి వేడినీళ్లు పెట్టేది దారమ్మే. తన మూలుగు తనే విని, తనే లేచి, తనకే నీళ్లు పెట్టుకోవడం ఎందుకు, మధ్యలో ఆ ఒక్క మెట్టూ తీసేస్తే పని తొందరగా తెములుతుంది కదా అని ఆమె లెక్క.

షాపు వాళ్ల నాన్న పెట్టింది. ఆయన పిల్లలిద్దరికీ పని పంచాడు: కొడుక్కి కత్తి, కూతురికి సూది. కొడుకు కాగితాల కట్టను కటింగ్ మిషను కింద పెట్టి అంచులు కోస్తాడు, అట్ట కడతాడు, గుడ్డ అతికిస్తాడు, వెన్నుమీద బంగారురంగు అక్షరాలు అద్దుతాడు. మనుషుల కంటికి కనబడేదంతా ఆయనది. కూతురు అచ్చయిన పెద్ద కాగితాలను పదహారు పేజీల ఫారాలుగా మడుస్తుంది, దబ్బనంతో బెజ్జాలు పొడుస్తుంది, మైనం రాసిన దారంతో ఫారానికి ఫారాన్ని కుట్టుకుంటూ పోతుంది. కుట్టు పుస్తకం లోపల ఉంటుంది. పుస్తకం విడిపోతేనే కుట్టు అనేది ఒకటుందని జనానికి గుర్తొస్తుంది. దారమ్మ కుట్టిన పుస్తకాలు విడిపోవు. కాబట్టి షాపుకు వచ్చినవాళ్లు వెన్నుమీద అక్షరాలు వేలితో తడిమి, "అట్టాయన చెయ్యి పడితే ఇంక తిరుగులేదండీ" అని పుస్తకం పట్టుకుపోయేవారు.

పని పంచుకున్నట్టు జబ్బు కూడా పంచుకుని ఉంటే బాగుండేది. ఇద్దరికీ ఒకటే వచ్చింది, ఒకే ఏడాది వచ్చింది. రావడమే వేరువేరు దారుల్లో వచ్చింది.

అట్టాయనకు ముందు మోచేతుల మీదా తలలోనూ ఎర్రటి మచ్చలు లేచి పొలుసులు రాలాయి. నల్లగుడ్డ అతికించిన అట్టల మీద రాలడంతో దాచడానికి వీల్లేకపోయింది. ఆ తర్వాత నడుము బిగుసుకుంది. మూడోసారి ఆసుపత్రికి వెళ్లేసరికి కీళ్ల డాక్టరుగారు ఆయన ఎక్స్‌రేను దీపం ముందు తగిలించి, పక్కగదిలోంచి ఇద్దరు చిన్న డాక్టర్లను పిలిపించి, "చూడండి, వెన్నులో ఎంత స్పష్టంగా ఉందో" అన్నారు. చర్మానికి వచ్చే సోరియాసిస్ కీళ్లలోకి కూడా దిగితే దాన్ని సోరియాటిక్ ఆర్థ్రైటిస్ అంటారనీ, ఇది అదేననీ చెప్పారు. అట్టాయన బాధపడుతూనే కొంచెం నిటారుగా కూర్చున్నాడు. ఆ ఎక్స్‌రేకి ఇంటికొచ్చి అట్ట కట్టాడు. దాని మీద బంగారు అక్షరాలతో "నడుము, మొదటి సంపుటం" అని అద్దాడు. చూడ్డానికి వచ్చినవాళ్లకు కిటికీ అద్దానికి ఆనించి చూపించేవాడు.

దారమ్మకు మచ్చ ఒక్కటే లేచింది, అదీ చెవి వెనక. జుట్టు కప్పేసింది. వేళ్లు ఉబ్బాయి. కుట్టుపని చేసే మనిషికి వేళ్లు ఉబ్బడం కూడా ఒక వార్తేనా? మొదటి డాక్టరు "పని ఎక్కువైంది" అన్నాడు. రెండో డాక్టరు "వయసు" అన్నాడు. మూడో డాక్టరు కుర్చీ దగ్గరికి జరుపుకుని మెల్లిగా మనసు దగ్గరికొచ్చాడు.

"ఏదైనా దిగులుందామ్మా?"

"ఉందండీ. వేళ్లు ముడుచుకోవట్లేదని."

"చూశారా, దిగులుంది" అని రాసుకున్నాడు.

ఆమె చేతులకు కూడా ఎక్స్‌రే తీశారు. ఎముకలు చక్కగా ఉన్నాయి. ఇలాంటి ఎముకలు ఈ వయసులో అందరికీ ఉండవన్నారు. సంపుటాలు గల అన్నయ్య ముందు, ఆ ఉత్త ఎక్స్‌రే పట్టుకుని ఇంటికి రావడానికి దారమ్మకు సిగ్గేసింది. దాన్ని తెచ్చి జిగురు డబ్బా కింద వేసింది.

ఇలా ఆరేళ్లు గడిచాయి. చివరికి ఆమెను కనిపెట్టింది కూడా ఆమె కోసం వెళ్లినప్పుడు కాదు. అన్నయ్యకు తోడుగా కీళ్ల డాక్టరుగారి దగ్గరికి వెళ్లి, గది తలుపును మోచేత్తో తెరిచింది. డాక్టరుగారు అట్టాయన నడుము వదిలేసి ఆ మోచెయ్యి వంక చూశారు. పరీక్షలన్నీ చేశారు. అన్నకు మూడు రాకపోకల్లో దొరికిన పేరు చెల్లెలికి ఏడో ఏట దొరికింది.

అట్టాయన నొచ్చుకున్నాడు. "నా జబ్బే వచ్చిందా నీకు?" అన్నాడు, పరీక్షలో పక్కవాడు తన జవాబు చూసి రాశాడని తెలిసినట్టు.

"నాకూ ఏడేళ్ల కిందటే వచ్చిందన్నయ్యా."

"మరి చెప్పలేదే?"

"చెప్పాను. నువ్వప్పుడు మూలుగుతున్నావు."

ఆ ఇంట్లో మూడో మనిషి ఒకరున్నారు. అట్టాయన భార్య, దారమ్మకు వదిన. బస్టాండులో టికెట్ల కౌంటరులో కూర్చుంటుంది. రోజంతా గాజు పలకకున్న చిన్న కన్నంలోంచి లోకంతో మాట్లాడి మాట్లాడి, ఆవిడ మాటలు కూడా టికెట్ల సైజుకు కుదించుకుపోయాయి. పొద్దున్న ఏడున్నరకల్లా వెళ్లిపోవాలి. కనుక మూలుగు ఆరింటికి మొదలైతే, దాన్ని విచారించి పరిష్కరించడానికి ఆవిడకు గంటన్నర టైము.

ఇక అంకెల సంగతి.

ఆసుపత్రివాళ్లు కీళ్ల రోగులకు చిన్న పుస్తకం ఒకటి ఇస్తారు. పదహారు పేజీలు, ఒక ఫారం, మూడు బెజ్జాల కుట్టు. ప్రతి పేజీలో వరసలు, రోజుకో వరసలో తేదీకి ఒక గడి, నొప్పికి ఒక గడి. నొప్పి లేకపోతే సున్నా, భరించలేకపోతే పది. ఆ పుస్తకాలు బైండు చేసేది మన షాపే. నెలకు రెండొందల పుస్తకాలు. దారమ్మ కుట్టేది, అట్టాయన నీలం అట్ట అతికేవాడు. డాక్టరుగారు ఆ పుస్తకాలే అన్నకొకటి, చెల్లెలికొకటి చేతికిచ్చినప్పుడు, దారమ్మ తిరగేసి కుట్టు చూసుకుంది. "మనదే" అంది.

డాక్టరుగారు విషయం తేటతెల్లం చేశారు. "మాత్రలతో ఇక లాభం లేదనిపిస్తే ఇంజక్షన్లున్నాయి. కానీ నేను ఇస్తానంటే ఇచ్చేవి కావు, కమిటీకి పంపాలి. కమిటీ నా మాట వినదు, అంకెలే వింటుంది. మూడు నెలల సగటు ఐదు దాటాలి." తర్వాత దారమ్మ కుడిచేతి నడివేలు నొక్కి చూశారు. "ఈ వేలు ఉబ్బుతూ తగ్గుతూ ఒకరోజు ఇలాగే బిగుసుకుపోతే, మళ్లీ ముడుచుకోదమ్మా. అప్పుడు ఏ ఇంజక్షనూ దాన్ని వెనక్కి తేలేదు. జాగ్రత్తగా రాయండి."

నడివేలు అంటే దారమ్మకు సూదిని వెనకనుంచి నెట్టే వేలు. అది పోతే ఆవిడ దగ్గర మిగిలేది పేరొక్కటే.

మర్నాటి నుంచి అట్టాయన అంకెలు అధికారికంగా నమోదు కావడం మొదలైంది. మూలుగు మూడో ఘట్టం ముగియగానే వదిన పుస్తకమూ పెన్సిలూ పట్టుకుని మంచం పక్కన నిలబడేది. అంకె వినపడితే చాలు, ఆవిడ చెయ్యి అలవాటుకొద్దీ రాసేస్తుంది.

"ఎంత?"

"ఎనిమిది."

"నిన్న కూడా ఎనిమిదే."

"నిన్నటి ఎనిమిది వేరు. అది కిందికి దిగుతున్న ఎనిమిది. ఇది పైకెక్కుతోంది."

"గడి ఒక్కటే ఉందండీ. తొమ్మిది వేసుకోమంటారా?"

"వద్దు. తొమ్మిది రేపటికి ఉంచు. వాన పడేలా ఉంది."

ఇలా వేడివేడి అంకెలు, మంచం మీంచి దిగకముందే, సాక్షి సమక్షంలో పుస్తకంలోకి ఎక్కేవి.

వెనక గదిలో దారమ్మ పుస్తకం కూడా నిండుతూ వచ్చింది. ఆమె రోజూ సాయంత్రం ఏడింటికి, చివరి ఫారం కుట్టి, చేతికంటిన జిగురు గోరువెచ్చటి నీళ్లలో కడుక్కుని, బల్ల దగ్గర కూర్చుని, నిజాయితీగా ఆలోచించి అంకె వేసేది. మూడు. మంచి కుట్టు పడిన రోజున రెండు. ఒకరోజు నాలుగు వేసి, మరీ ఎక్కువ చెబుతున్నానేమోనని రబ్బరుతో చెరిపి మూడు చేసింది.

మూడు నెలలయ్యాక ఇద్దరూ ఆసుపత్రికి వెళ్లారు. అట్టాయన సగటు ఏడుంపావు. కమిటీకి వెళ్లింది, ఇంజక్షన్ మంజూరైంది. దారమ్మ పుస్తకం చూసి డాక్టరుగారి మొహం విప్పారింది.

"చాలా బాగుందమ్మా! మాత్రలు మీకు బాగా పనిచేస్తున్నాయి."

"పొద్దున పూట మాత్రం..."

"మూడు అంటే మూడేనమ్మా. ఆడవాళ్లకు ఓర్పుంటుంది, అదే సగం మందు."

మిగతా సగం మందు అన్నయ్యకు వెళ్లింది. దారమ్మ అవే మాత్రలు తెచ్చుకుని, మర్నాడు రెండొందల పుస్తకాల కొత్త కట్ట ముందేసుకుని కూర్చుంది. ఇదివరకు పూటలో అయ్యే పని రెండు రోజులు పట్టింది. వేళ్లు సూదిని పట్టనప్పుడు దారాన్ని పళ్లతో లాగింది. అది చూసి అట్టాయన, "ఈ మధ్య నీకు బద్ధకం ఎక్కువైందే దారమ్మా" అని పరాచికం ఆడాడు. ఆయనకు చెల్లెలంటే ప్రాణం. మొత్తం ఎనిమిదేళ్లలో ఆమె అడిగినప్పుడల్లా అంగుస్తానా తెచ్చిపెట్టింది ఆయనే. అంగుస్తానా అంటే సూది గుచ్చుకోకుండా వేలికి తొడుక్కునే లోహపు టోపీ. ఒకసారి కాదు, మూడుసార్లు తెచ్చాడు. ప్రతిసారీ, "మళ్లీ పోగొట్టావా? నీ దగ్గర అసలు ఒక్క వస్తువూ నిలవదు" అని మందలించి మరీ తెచ్చాడు.

ఇంతలో బస్టాండులో కౌంటర్లకు రంగులేయడం మొదలుపెట్టారు. వదినకు వారం రోజులు సెలవొచ్చింది. సెలవున్న మనిషి పొద్దున ఆరున్నరకు వంటింట్లోకి రావడం ఆ ఇంటి చరిత్రలో అదే మొదలు. వచ్చేసరికి ఆవిడకు కనబడిన దృశ్యం ఇది: దారమ్మ కుళాయిని రెండు మణికట్ల మధ్య పట్టి తిప్పుతోంది. నీళ్లగిన్నెను ముంజేతుల మీద ఎత్తి పొయ్యి మీద పెట్టింది. టీ కప్పును రెండరచేతులతో, పిట్టపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుంది.

వదిన కాసేపు గుమ్మంలోనే నిలబడింది.

"ఇవాళ నీ అంకె వేశావా?"

"సాయంత్రం వేస్తాను వదినా."

"ఇప్పుడు వెయ్యి."

"ఇప్పుడెలా వేస్తాను? పెన్సిల్ పట్టుకోవాలిగా."

వదిన ఆ వేళ్ల వంక చూస్తూ ఆలోచిస్తోంది.

"అంటే రోజూ ఎప్పుడు రాస్తున్నావు?"

"పట్టుకోగలిగినప్పుడు."

"పట్టుకోగలిగినప్పుడు నొప్పి ఎంతుంటుంది?"

"మూడుంటుంది."

"పట్టుకోలేనప్పుడు?"

దారమ్మ కప్పు కింద పెట్టి, ఆ ప్రశ్న మొదటిసారి విన్నట్టు ఆలోచించింది. "ఎనిమిదుంటుందేమో. అప్పుడు రాయలేను కదా, అందుకని లెక్కపెట్టలేదు."

"ఓసి నీ తెలివి తెల్లారా! మూడు నెలల పాటు నొప్పి బయటికెళ్లిన టైము చూసి నొప్పి ఇంట్లో లేదని రాశావు!"

"లేదని రాయలేదు వదినా, మూడుందని రాశాను. పుస్తకంలో గంట అడగలేదు. కుట్టింది నేనే, ఏ గడిలో ఏముందో నాకు తెలీదా?"

వదిన గుమ్మంలోనే కూలబడి నవ్వడం మొదలుపెట్టింది, ఎక్కడో మధ్యలో నవ్వు ఆపేసి కొంగుతో మొహం తుడుచుకుంది. తర్వాత లేచి పెన్సిల్ చెక్కింది.

మర్నాటి నుంచి ఆరింటికి ఇంట్లో ఇద్దరి అంకెలూ నమోదయ్యాయి. సెలవు అయిపోయినా ఆవిడ ఈ రెండో కౌంటరు మూయలేదు. ముందు వీధి గది, ఆ వెంటనే వెనక గది. మధ్యలో పలచని గోడ.

"ఎంత దారమ్మా?"

"ఎనిమిది."

గోడవతల మంచం కిర్రుమంది. "ఎవరికి ఎనిమిది?"

"మీ చెల్లెలికండీ."

"ఏకంగా ఎనిమిదే? నిన్నటిదాకా మూడున్న మనిషికి? నాకు ఎనిమిది రావడానికి ఎన్నేళ్లు పట్టిందో తెలుసా?"

"వేలంపాట కాదన్నయ్యా, అవతలివాళ్లు పాడితే నీది పోదు."

"అయితే నాది తొమ్మిది రాయి!"

"మీది రాసేశానండీ. ఏడు. ఇంజక్షన్ మొదలైంది కదా, దిగుతోంది. పుస్తకం మూసేశాను, ఇంక మూలగండి."

మరో మూడు నెలలు గడిచాయి. ఈసారి ఆసుపత్రికి ముగ్గురూ వెళ్లారు. డాక్టరుగారు పుస్తకం తెరిచి, అంకెల మీద వేలు నడిపించి, ఆగి, పాత పుస్తకం తెప్పించి పక్కన పెట్టారు.

"చేతిరాత మారింది."

"నాదండీ" అంది వదిన.

"అంకె కూడా మారింది. మూడున్నది ఎనిమిదైంది, అదీ అన్నగారికి ఇంజక్షన్ వచ్చాక." ఆయన కఠినంగా ఏం అనలేదు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. అలా తుడిచారంటే నమ్మలేదని అర్థం. "ఏదీ, పిడికిలి ముడవండి."

దారమ్మ ముడిచింది. పదకొండు దాటింది, వేళ్లు వదులయ్యాయి. దాదాపు ముడుచుకుంది.

"ముడుచుకుందిగా."

"పదకొండింటికి ముడుచుకుంటుందండీ" అంది వదిన. "ఆరింటికి చూడండి."

"ఆసుపత్రి తొమ్మిదింటికి తెరుస్తారమ్మా."

"జబ్బు ఆరింటికే తెరుస్తుందండీ."

డాక్టరుగారికి కోపం రాలేదు కానీ దారి కూడా దొరకలేదు. "నేను నమ్మినా కమిటీ నమ్మాలి. ఎక్స్‌రే చూస్తే శుభ్రంగా ఉంది. వేలు ఇదివరకటికంటే లావైందంటున్నారు. కొలత ఎవరైనా తీశారా? ఏదన్నా ఆధారముందా?"

"కొలత ఎవరూ తియ్యలేదండీ" అంది దారమ్మ. "ఒక్క నిమిషం" అని సంచీ తెరిచింది. లోపలినుంచి మైనం దారానికి గుచ్చిన మూడు అంగుస్తానాలు తీసి బల్లమీద పెట్టింది. చిన్నది, దానికంటే పెద్దది, దానికంటే పెద్దది.

అట్టాయన వాటి వంక చూశాడు. ముందుకు వంగాడు. నడుము ఒప్పుకోకపోయినా వంగాడు.

"ఇవి పోగొట్టలేదా నువ్వు?"

"పోలేదన్నయ్యా. పట్టట్లేదు."

"మరి నేను తిట్టినప్పుడు చెప్పలేదే?"

"పెద్దది కావాలన్నయ్యా అని చెప్పాను. మూడుసార్లు."

అట్టాయన ఆ మూడింటినీ ఒక్కొక్కటిగా వేలితో తాకాడు. తర్వాత డాక్టరుగారి వైపు తిరిగి, సాక్ష్యం చెప్పేవాడిలా చేతులు కట్టుకుని, "ఇవి నేనే కొన్నానండీ. ప్రతిసారీ ఒక సైజు పెద్దది తెమ్మంది. తెచ్చాను. ఎందుకని అడగలేదు" అన్నాడు.

డాక్టరుగారు మొదటి అంగుస్తానా తీసుకుని ఆమె నడివేలికి తొడగబోయారు. గోటి దగ్గరే ఆగిపోయింది. అలా ఆగిన చోట ఆయన చూపు కూడా ఆగింది. గోటి మీద, ఆ అంగుస్తానా మీద ఉన్నట్టే, సన్నసన్నని గుంటలు. ఈ జబ్బు గోళ్ల మీద పెట్టే సంతకం అది. ఇన్నాళ్లూ జిగురు మరక అనుకున్నారట. తుడిచి చూడలేదు. ఆ పూటే స్కానింగ్‌కు పంపారు. ఎక్స్‌రేలో కనబడని వాపు స్కానింగ్‌లో నాలుగు కీళ్లలో కనబడింది.

కేసు కాగితం మీద డాక్టరుగారు చాలాసేపు రాశారు. దారమ్మ ఎనిమిదేళ్లుగా నలుగురు డాక్టర్లకు చెప్పిన సంగతులేవీ అందులోకి ఎక్కలేదు. అట్టాయన చెప్పిన నాలుగు ముక్కలు ఎక్కాయి. వదిన తలకిందులుగా చదివింది. కౌంటరులో అలవాటు. "వేలు లావైనట్టు సోదరుడు ధ్రువీకరించారు."

కమిటీ సోదరుణ్ణి నమ్మింది. ఇంజక్షన్ మంజూరైంది.

వచ్చేముందు వదిన గుమ్మంలో వెనక్కి తిరిగి, "ఆ పుస్తకంలో ఇంకో గడి పెట్టించండి డాక్టరుగారూ. ఎన్ని గంటలకు అని" అంది. డాక్టరుగారు నవ్వి ఊరుకున్నారనుకున్నారు అందరూ. రెండు నెలలకు ఆసుపత్రి నుంచి వచ్చిన కొత్త ఫారాల్లో గడులు మూడున్నాయి. అట్టాయన దాన్ని తన కుటుంబం సాధించిన సంస్కరణగా వీధిలో ప్రకటించాడు. దారమ్మ రెండొందలూ కుట్టింది.

ఆ తర్వాత వీధిలో కాలం గతి తప్పింది. ఇంజక్షన్ అట్టాయనకు చక్కగా పట్టింది. ఎనిమిది ఏడైంది, ఏడు నాలుగైంది, నాలుగు రెండైంది. మూలుగులో మూడో ఘట్టం ముందు పోయింది, రెండోది కుదించుకుపోయింది. మొదటిదాన్ని మాత్రం వీధి కోసం కొన్నాళ్లు ఊరికే కొనసాగించాడు. లెక్కల మాస్టారు అలారం కొనుక్కున్నాడు.

ఇక అందరి కళ్లూ దారమ్మ మీద పడ్డాయి. అదే మందు, అదే కవల రక్తం, పది నిమిషాల తేడా. ఈవిడకూ రెండు రావాలి కదా? నెల గడిచింది, ఏడు. రెండు నెలలు, ఆరున్నర. డాక్టరుగారు ఈసారి ఏదీ దాచలేదు. "ఈ మందు మగవాళ్లకు పట్టినంత తరచుగా ఆడవాళ్లకు పట్టదమ్మా. నొప్పీ అలసటా వాళ్లకు ఎక్కువగా మిగులుతాయి. ఎందుకో పుస్తకాల్లో కూడా పూర్తిగా రాయలేదు."

"పుస్తకాలు మేమే బైండు చేస్తాంగా" అంది దారమ్మ. "చివర్లో ఖాళీ పేజీలు ఉంటాయి."

నాలుగో నెల వచ్చింది. నడివేలి వాపు కొంచెం తీసింది. మొదటి అంగుస్తానా ఇంకా పట్టలేదు, రెండోది పట్టింది. పళ్లతో దారం లాగడం మానేసింది.

ఒకరోజు పొద్దున్నే వదిన ఎప్పట్లాగే పెన్సిల్ పట్టుకుని వెనక గదిలోకి వెళ్లింది. "ఎంత?" అనబోయేలోగా దారమ్మ చెయ్యి చాపింది.

"ఇలా ఇవ్వు వదినా."

వదిన ఇవ్వలేదు. ఎనిమిదేళ్లుగా ఈ వేళప్పుడు ఆ చెయ్యి దేన్నీ పట్టుకోలేదు. తర్వాత ఇచ్చింది. గోడవతల మంచం కిర్రుమంది. అట్టాయన లేచాడు, మూలగకుండా లేచాడు, గుమ్మంలోకొచ్చి గోడకు చెయ్యానించి నిలబడ్డాడు.

"ఏమైంది?"

"ష్" అంది వదిన.

దారమ్మ పెన్సిల్ పట్టుకుంది. మొదట జారింది. మళ్లీ పట్టుకుంది, బొటనవేలూ చూపుడువేలూ ఇటు, నడివేలు కింద ఆసరాగా. పుస్తకాన్ని మోకాలి మీద సర్దుకుంది. వదిన పెదవులు కదులుతున్నాయి, ఏ అంకె కోసం మొక్కుకుంటోందో ఆవిడకే తెలియాలి. రొట్టెల దుకాణంలో ఎవరో రేకు తలుపు ఎత్తిన చప్పుడైంది.

ఆమె తేదీ వేసింది. గంట గడిలో ఆరూ ఇరవై వేసింది.

మూడో గడిలో ఐదు వేసింది.